క్యారియర్ లోపలి సుద్ద రాతలు

ఆరిజోనాలో చాండ్లర్ ఊరికి దక్షిణంగా, పత్తి చేలు పోయి ఇళ్లు లేచిన వైపు, ఒక పాత ఇంటి పెరట్లో పెద్ద రేకుల షెడ్డు ఉంది. ఆ షెడ్డును చూసే ఆ ఇల్లు కొన్నాడు దైవాశీర్వాదం. "ముందు వంటగది చూడండీ" అని లూసీ మొత్తుకుంటుంటే, ఆయన షెడ్డు గచ్చు మీద మడమతో నాలుగు దెబ్బలు కొట్టి, "ఎంత బరువైనా మోస్తుంది" అని ఇంటికి సరే అనేశాడు. ఆ వంటగది సంగతి మొగుడూ పెళ్లాల మధ్య ఇప్పటికీ తేలలేదు.

దైవాశీర్వాదం అంటే ఆషామాషీ మనిషి కాదు. చీరాల దగ్గర పల్లెలో, మిషన్ బడిలో, ఇసుకలో వేలు పెట్టి అక్షరాలు దిద్దినవాడు. హైస్కూల్లో చేతిరాతకు జిల్లా మొత్తానికీ మొదటి బహుమతి తెచ్చాడు. కలెక్టరుగారు ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ఇది అచ్చు కాదు గదా అని అడిగారు. మీసం సరిగ్గా రాకముందే మిలటరీలో చేరి, సికింద్రాబాదు శిక్షణలో బ్యాచికి ఫస్టు వచ్చాడు. రాజస్థాన్ ఇసుకలో ట్రాకు తెగి కూలబడ్డ ట్యాంకును తెల్లారేసరికి నడిపించి, కమాండింగ్ ఆఫీసరు చేత భుజం తట్టించుకున్నాడు. హవల్దారుగా దిగి ఇంటికొచ్చాక, లూసీ నర్సు ఉద్యోగం మీద కుటుంబం అమెరికా వచ్చింది. 'నర్సు మొగుడు' అని నవ్విన నోళ్లు ఎన్నాళ్లో నవ్వలేదు. రాగి గనుల బుల్‌డోజర్లు బాగుచేసే చోట చేరి, తెల్లవాళ్లకే పని చెప్పే హెడ్ మెకానిక్ అయ్యాడు.

ఇవన్నీ ఎవరు చెప్పారంటే ఆయనే చెప్పాడు. తెలుగు చర్చికి కొత్త మొహం ఏది వచ్చినా, 'వందనాలండీ' తర్వాత మాట ఇదే. ఆయన ఈ వరస ఎత్తుకుంటే, వెనక నిలబడి ఆయన పిల్లలు ఫెబీ, షాలోమ్ పెదవులు కదుపుతూ అప్పజెప్పేవాళ్లు. అక్కాతమ్ముళ్లకు సండే స్కూలు కంఠత వాక్యాల కన్నా ఇది బాగా వచ్చు.

"ఇప్పుడు కలెక్టర్ వస్తాడు చూడు" అని షాలోమ్ గుసగుసలాడేవాడు.

కలెక్టరు వచ్చేవాడు.

ఆయన రిటైరైన ఏడాది, షాలోమే ఫోన్లో చూసి ఒక పాత బండిని కనిపెట్టాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడు. టూసన్‌లో ఇంజనీరు ఉద్యోగం, పెళ్లి మాట ఎత్తితే లేచిపోయే వయసు. బెన్సన్ అవతల ఒక పశువుల ఆసామి ఇంటి వెనక, ముళ్లచెట్ల మధ్య ఆ బండి పడి ఉంది. తండ్రీకొడుకులు వెళ్లి చూశారు. దైవాశీర్వాదం దాని చుట్టూ ఒకసారి తిరిగి, బండి ముక్కు మీద చెయ్యి వేసి, అక్కడే బేరం కుదిర్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"లూసీ, క్యారియర్ కొన్నాం."

"ఇంట్లో ఉన్నవి చాలవా? ఎన్ని గిన్నెలది?"

"గిన్నెలది కాదు. ఇనపది. లారీ మీద వస్తోంది."

రెండో ప్రపంచ యుద్ధం నాటి బండి అది. కప్పు లేని ఇనప తొట్టిలా ఉంటుంది. చక్రాలు నేలకు తగలవు. వాటి చుట్టూ ఇనప లంకెల పట్టీలు తిరుగుతాయి, వాటినే ట్రాకులంటారు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, నడిపేవాడు కుడివైపు. వీపు వెనకే ఇంజను. సికింద్రాబాదులో కుర్రవాళ్లకు పని నేర్పడానికి ఇలాంటిదే ఒక ముసలి బండిని ఉంచారు. దైవాశీర్వాదం తన జీవితంలో మొదటి ట్రాకు పిన్ను కొట్టింది దాని మీదే. డెబ్భై ఏళ్లకు దగ్గరపడ్డాక, దాని తోబుట్టువు తన పెరట్లోకి నడిచి వచ్చినట్టనిపించింది ఆయనకు. నడిచేం రాలేదు, క్రేనుతో దించారు.

ప్రతి శుక్రవారం సాయంత్రం షాలోమ్ టూసన్ నుంచి వచ్చేవాడు. శనివారమంతా షెడ్డే. లంకెకూ లంకెకూ మధ్య ఉండే పిన్నులు తుప్పుకు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒకరు ఉలి లాంటి పంచ్ ఆనించి పట్టుకోవాలి, ఒకరు సమ్మెటతో కొట్టాలి.

"సమ్మెట వైపు చూడకు. చూశావా, చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. అప్పుడే వేళ్లు పోతాయి. పిన్నునే చూడు."

"మరి మీరు మిస్ అయితే?"

"నేనా? బ్యాచికి ఫస్టు నేను."

"అందుకే అడుగుతున్నా. అది ఫిఫ్టీ ఇయర్స్ అయింది డాడీ."

ఒక్కసారీ గురి తప్పలేదు ఆయన.

ఆ షెడ్డుకు ఆయన పెట్టిన చట్టం ఒకటుంది. లోపల తెలుగే రాయాలి. తొట్టి లోపలి రేకులకు తుప్పు గీకి, అడుగు పూతగా ఎర్ర ప్రైమరు పూశాక, ఏ బెజ్జంలో ఏది బిగించాలో సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోవాలి. షాలోమ్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"ఏంట్రా అది? నాకు కనపడదు."

"మీకు ఇంగ్లీష్ వచ్చు కదా డాడీ. గనిలో బాస్ మీరు."

"గనిలో వచ్చు. ఇక్కడ రాదు."

అలా, పాతికేళ్లు దాటాక షాలోమ్‌కు అక్షరాభ్యాసం జరిగింది. పళ్లెంలో ఇసుక పోసి తండ్రి వేలు పట్టుకుని దిద్దించాడు, అచ్చం మిషన్ బడిలో పంతులుగారు దిద్దించినట్టే. ఇసుకకు ఆరిజోనాలో కరువేముంది? వేలు తిన్నగా వచ్చాక సుద్ద చేతికిచ్చాడు. ఎర్ర రేకు మీద తెల్లగా ఎడమ అనీ, కుడి అనీ, ఇక్కడ బోల్టు అనీ, ఇది తర్వాత అనీ రాసుకుంటూ పోయాడు పిల్లాడు. తలకట్లు గాలికి తిరగబడ్డ గొడుగుల్లా ఉండేవి. ఒక అక్షరం ఏనుగంత, పక్కది ఎలుకంత. నడిపేవాడి సీటు ముందు ఒక ఇనప కొక్కెం ఉంది. పెడళ్లు చూడటానికి వంగినప్పుడల్లా దైవాశీర్వాదం నుదురు దానికి తగిలేది. ఒక శనివారం చూస్తే దాని పక్కన 'డాడీ తల' అని రాసి ఉంది. ఆయన నవ్వి నవ్వి, లూసీని పిలిచి చూపిద్దామనుకున్నాడు. లూసీకి మోకాళ్ల నొప్పులు, అంత ఎత్తు ఎక్కలేదు. బండి అయ్యాక చూస్తుందిలే అనుకున్నాడు. షాలోమ్ తల్లికి మాట ఇచ్చి ఉన్నాడు, "ఫస్ట్ రైడ్ నీదే మమ్మీ, మెట్లు నేను కడతా" అని.

ఒక జూలై శుక్రవారం, టూసన్ రోడ్డు మీద దుమ్ము తుఫాను లేచింది. పగలే చీకటి. ముందు పోతున్న లారీ ఆగడం షాలోమ్‌కు కనపడలేదు. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. పోలీసులు ఇంటికొచ్చేసరికి దైవాశీర్వాదం షెడ్డులో పంచ్‌లు తుడిచి బల్ల మీద వరసగా పెడుతున్నాడు, మర్నాటి పనికి.

ఆ తర్వాత ఆయన నోటి నుంచి కలెక్టరూ పోయాడు, కమాండింగ్ ఆఫీసరూ పోయాడు. చర్చికి కొత్తవాళ్లు వస్తే 'వందనాలు' అని ఊరుకునేవాడు. పొద్దుననగా షెడ్డులోకి వెళితే అన్నానికి లూసీ కేకేయాలి. పని చేశాడు, చేయకపోలేదు. ఇంజను విప్పి బిగించాడు. ఒంటి చేత్తో ట్రాకులు నేల మీద పరిచి, బండిని కప్పీతో వాటి మీదికి లాగి, చివరి పిన్నులు తనే పట్టుకుని తనే కొట్టాడు. ఏడాది తిరిగేలోగా అది కదిలింది. మిగిలింది రంగు ఒక్కటే.

ఆ రంగు దగ్గరే ఆగిపోయాడు. బయట పూయొచ్చు. లోపల పూస్తే రాతలు పోతాయి. పూయకపోతే, సుద్ద ఎన్నాళ్లుంటుంది? చెయ్యి తగిలితే పోతుంది, గాలి గట్టిగా వీస్తే రాలుతుంది. ఒక పాత రేకు మీద ఎర్ర ప్రైమరు పూసి, సుద్దతో గీసి, మీద పారదర్శకమైన వార్నీషు కొట్టి చూశాడు. తడి తగలగానే తెలుపు మాయమైంది. దూరం నుంచి మంచులా చల్లి చూశాడు. సగం నిలిచింది, సగం పోయింది. అద్దం కోయించి బిగిద్దామా అని కొలతలు తీశాడు. మిలటరీలో ట్యాంకులు నిలబెట్టినవాడికి, కొడుకు రాసిన సుద్దగీత నిలబెట్టే ఉపాయం దొరకలేదు. ఫోటోలు తీసుకోవాలని కూడా తోచలేదు. అక్కడే ఉన్నవాటికి ఫోటో ఎందుకు?

లూసీకీ చెప్పలేదు. చెబితే, ఏం రాశాడండీ అని అడుగుతుంది. చదివి వినిపించాలి. అంత గొంతు ఆయనకు ఇంకా రాలేదు.

సంవత్సరీకపు జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడింది. ఆ రోజు క్యారియర్ నడిపిస్తానని, లూసీని ఎక్కిస్తానని పాస్టరుగారికి మాటిచ్చాడు. ఈలోగా ఉత్తరాన చల్లగా ఉండే బాతెల్ ఊరి నుంచి కూతురు ఫెబీ ఫోన్ చేసి, "ఆ ఎండలో మీరిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ ఏం చేస్తారు డాడీ? ఒక్క వారం రండి" అని ఏడ్చి టికెట్లు బుక్ చేసింది. వెళ్లారు.

ఇక్కడ రాజీవ్ సంగతి చెప్పాలి. ఒంగోలు పిల్లాడు, కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో పని. చర్చిలో సగం మంది మగవాళ్లు ఆ పనిలోనే ఉన్నారు. తల నుంచి కాలి దాకా తెల్ల ముసుగు తొడుక్కుని, దుమ్ము కణం కూడా లేని గదుల్లో పనిచేస్తారు. ఏది ముట్టుకోవాలన్నా ముందు ఆల్కహాలుతో తుడుస్తారు. తుడిచి తుడిచి, ఇంట్లో టీ గ్లాసు పట్టుకున్నా ముందు అంచు తుడిచే అలవాటు. రాజీవ్‌కు దైవాశీర్వాదం అంటే ప్రాణం. ఏడాది కూడిక వస్తోంది, ఏం చేయగలం అని ఆలోచించాడు. వాళ్ల ఊళ్లో అయితే సంవత్సరీకానికి ముందు అయినవాళ్లంతా వెళ్లి సమాధికి సున్నం వేస్తారు. పెద్దవాళ్లు గడ్డి పీకుతారు, కుర్రాళ్లు సున్నం కలుపుతారు, సాయంత్రానికి తెల్లగా మెరిసిపోతుంది. చచ్చిపోయినవాడికి మేము ఉన్నాం అని చెప్పే పద్ధతి అది. ఇక్కడి శ్మశానంలో గడ్డి కోసే మిషనుకు అడ్డం రాకుండా, నేలకు సమంగా ఒక ఇత్తడి పలక, అంతే. సున్నం వేయడానికి జానెడు గోడ లేదు.

రాజీవ్ బాతెల్‌కు ఫోన్ చేశాడు.

"ఆంటీ, గేట్ కోడ్ ఇస్తారా? షాలోమ్ బండికి మేము పెయింట్ వేస్తాం. అంకుల్‌కి చెప్పకండి, సర్‌ప్రైజ్."

లూసీ ఇచ్చింది. పిల్లలు అంత ప్రేమతో అడిగితే ఏ తల్లి కాదంటుంది?

వీళ్లు తిరిగొచ్చిన శనివారం పొద్దున, పెరడంతా జనం. ఆడవాళ్లు పలావు, కోడికూర తెచ్చి బల్లల మీద పెట్టారు. షెడ్డు తలుపు తెరిచారు. క్యారియర్ ముదురాకుపచ్చ రంగులో, నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు నిలబడి ఉంది. జనం చప్పట్లు కొట్టారు. దైవాశీర్వాదం ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా వెళ్లి, ట్రాకు మీద కాలు పెట్టి ఎక్కి, లోపలికి వంగాడు. లోపలా ఆకుపచ్చే. మూలమూలా ఆకుపచ్చే.

"బయట మేము చేశాం అంకుల్" అన్నాడు రాజీవ్ కింద నుంచి. "లోపల సన్నగా ఉండేవాళ్లే పడతారని యూత్ పిల్లల్ని దింపాం. మా ఫ్యాక్టరీ పద్ధతే నేర్పించా. ముందు వైప్, తర్వాతే పెయింట్."

పక్కన అనిక నిలబడి ఉంది. కాలేజీలో చేరబోయే పిల్ల. సండే స్కూల్లో షాలోమ్ దగ్గర గిటారు నేర్చుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా ఆకుపచ్చ రంగుంది.

"ఇన్‌సైడ్ నేను చేశాను అంకుల్" అంది, తెలుగు వెతుక్కుంటూ. "చాక్ ఉంది, ఎవ్రీవేర్. ఎవరో పిల్లలు డ్రా చేసినట్టు. ఫోర్ టైమ్స్ వైప్ చేశాను. ఐ గాట్ ఆల్ ఆఫ్ ఇట్."

ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. రాజీవ్‌కు వచ్చు గానీ, అతను లోపలికి వంగి చూసేసరికి అంతా తుడిచేసి ఉంది.

దైవాశీర్వాదానికి అరవాలనిపించింది. ఎవరి మీద? కింద నిలబడ్డ మొహాలన్నీ, పరీక్ష రాసి మార్కుల కోసం చూసే మొహాల్లా ఉన్నాయి.

"బాగా తుడిచావమ్మా" అన్నాడు.

దిగి, అందరితో పలావు తిన్నాడు. ఇంకో ముద్ద వేయించుకున్నాడు కూడా.

జనం వెళ్లిపోయాక లూసీ గిన్నెలు కడిగి చూస్తే మనిషి లేడు. షెడ్డులోకి వెళ్లింది. ఆయన క్యారియర్ లోపల మోకాళ్ల మీద కూర్చుని, థిన్నరు ముంచిన గుడ్డతో ఒకచోట రుద్దుతున్నాడు. ఆకుపచ్చ పోయింది, దాని కింద ఎర్ర ప్రైమరు పోయింది, ఉత్త ఇనుము బయటపడింది. అక్కడ తెల్లది ఏమీ లేదు.

"ఏం చేస్తున్నారండీ? పిల్లలు అంత కష్టపడి వేస్తే."

ఆయన గుడ్డను మళ్లీ థిన్నరులో ముంచాడు.

"నామీద కోపమా? కోడ్ నేనే ఇచ్చాను. చెప్పొద్దన్నారు."

"ఇక్కడ వాడి రాతలున్నాయి లూసీ."

"ఎవరి?"

అడిగాక తెలిసింది ఆమెకు. ట్రాకు పట్టుకుని అలాగే నిలబడింది. "నాకెందుకు చెప్పలేదు?" అంది. చెప్పి ఉంటే ఆమె తలుపుకు అడ్డంగా పడుకునేది, ఎవరినీ రానిచ్చేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆమె బల్ల సొరుగు వెతికి సుద్దముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "మీరే రాయండి మళ్లీ. ఎక్కడేముందో మీకు తెలుసు కదా."

దైవాశీర్వాదం ఎడమవైపు రేకు మీద ఎడమ అని రాశాడు. గుండ్రంగా, ముత్యాల్లా, జిల్లాకు మొదటి బహుమతి తెచ్చిన రాత. దాని వంక చూశాడు. అక్షరాలు వంకర చేసి మళ్లీ రాయబోయాడు. చెయ్యి వినలేదు. వంకర పెడదామన్న చోట కూడా అది తిన్నగానే పోయింది. అరచేత్తో తుడిచేశాడు.

"ఇది వాడిది కాదు."

లూసీ అప్పుడు ఎక్కుతానంది. మోకాళ్లు వద్దన్నా వినలేదు. ఆయన పెద్ద రంగు డబ్బా ఒకటి బోర్లించి, మీద నుంచి చెయ్యి పట్టి లాగి, ఎడమ సీట్లో కూర్చోబెట్టాడు. ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

"చెప్పండి. చదివినట్టే చెప్పండి."

చెప్పాడు. ఒక్కో చోటు వేలితో ముట్టి చెప్పాడు. ఎడమ. కుడి. ఇక్కడ బోల్టు. ఇది తర్వాత. కొక్కెం దగ్గరకొచ్చి 'డాడీ తల' అన్నాడు. లూసీ నవ్వబోయింది, ఆ నవ్వు ఏడుపై బయటికొచ్చింది. ఆయన ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. ఇంజను పక్కగా, బ్యాటరీ పెట్టె మీద, సీటు కింద, ఒకటి తర్వాత ఒకటి అప్పజెప్పుకుంటూ పోయాడు. వెనక కుడి మూలకు వచ్చాక వేలు రేకు మీద ఆగిపోయింది.

"అక్కడ?"

"ఉంది. ఇక్కడొకటి ఉంది."

"ఏమని?"

"రోజూ చూశాను లూసీ. పొద్దున ఎక్కగానే మొదట కనపడేది ఇదే."

ఆయన కళ్లు మూసుకున్నాడు. అక్షరం ఆకారం వస్తోంది, మాట రావడం లేదు. పొట్ట ఉన్న అక్షరం ఒకటి. దాని పక్కన సుద్ద విరిగి గీత పక్కకు పోయిన చోటు. అంతవరకే. ఎప్పుడో మిలటరీలో ఇచ్చిన నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఈ ఒక్క మాట ఎక్కడికి పోయింది?

కూడిక జరిగింది. ఎండకు భయపడి పొద్దున్నే పెట్టుకున్నారు. షెడ్డు ముందు కుర్చీలేసి పాటలు పాడారు, పాస్టరుగారు వాక్యం చెప్పారు. దైవాశీర్వాదాన్ని సాక్ష్యం చెప్పమంటే లేచి, సహోదరులు ఎండలో నిలబడి తన కొడుకు బండికి రంగు వేశారని, అంత ప్రేమ తాను సైన్యంలో కూడా చూడలేదని చెప్పి కూర్చున్నాడు. అందులో అబద్ధం లేదు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. లూసీని పక్కన కూర్చోబెట్టుకుని పెరడు చుట్టూ నడిపాడు. రాజీవ్ ముందు నడుస్తూ వీడియో తీశాడు, అనిక చప్పట్లు కొట్టింది. ఆ పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదని లూసీ గట్టిగా అంది. తల్లి చెబితే విని, ఫెబీ ఒక్కతే ఫోన్లో అడిగింది, ఒక్క ఫోటో కూడా లేదా డాడీ అని. షాలోమ్ నవ్వుతున్న ఫోటో ఒకటి దొరికింది, ఆ రేకు ముందే నిలబడి ఉన్నాడు. అక్షరాలన్నీ వాడి భుజం వెనకే ఉండిపోయాయి.

బండి ఇప్పుడు షెడ్డులోనే ఉంది. చూడటానికి ఎవరైనా వస్తే ట్రాకులు చూపిస్తాడు, ఇంజను చూపిస్తాడు, మెల్లమెల్లగా మళ్లీ కమాండింగ్ ఆఫీసరు దాకా వస్తున్నాడు. కలెక్టరు మాత్రం రావడం లేదు. తన చేతిరాత సంగతి ఎవరికీ చెప్పడం లేదు.

అన్నం దగ్గర ఉన్నట్టుండి ముద్ద ఆపేస్తాడు.

"నూనె అయ్యుంటుందా లూసీ? వెనక కుడి మూలలో కదా. నూనె గొట్టం అక్కడే వస్తుంది."

"అయ్యుండొచ్చండీ."

"నూనెలో పొట్ట ఉన్న అక్షరం లేదే."

"మరి కాదేమో."

"పద అనా? వాడెప్పుడూ పద డాడీ, పద డాడీ అనేవాడు."

లూసీ ఆయన కంచంలోకి ఇంకాస్త చారు పోస్తుంది. ఆయన కంచం వంక చూస్తూ, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా వేసుకుని చూస్తూ కూర్చుంటాడు.

"తినండి ముందు. చల్లారిపోతోంది."